కార్డు అయిపోయింది

తెలుగులో నాకు కోపం తెప్పించే మాట ఒకటుంది, 'అయిపోయింది'. వంట పూర్తయినా అయిపోయిందే, వండింది ఊడ్చుకు తిన్నా అయిపోయిందే. పరీక్ష బాగా రాసి బయటికొచ్చిన పిల్ల అయిపోయిందంటుంది, తెల్లకాగితం ఇచ్చి వచ్చిన పిల్ల కూడా నా పని అయిపోయిందనే అంటుంది. బియ్యం దగ్గర మాత్రం మన పెద్దవాళ్ళు జాగ్రత్తపడ్డారు. డబ్బా ఖాళీ అయితే 'నిండుకున్నాయి' అన్నారు, ఇంటికి అశుభం తగలకుండా. కార్డుల విషయంలో అంత ముందుచూపు ఎవరూ చూపించలేదు. వాళ్ళ కాలంలో కార్డులు లేవు మరి.

నేను జర్మనీకి వచ్చింది మాస్టర్స్ చదవడానికి, ఇల్మెనౌకు. చుట్టూ అడవి, మధ్యలో యూనివర్సిటీ, బస్టాపులో ఎప్పుడు చూసినా ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలు. చదువయ్యాక ఉద్యోగం, ఉద్యోగమయ్యాక పెళ్ళి, పెళ్ళయ్యాక ఇంకో ఊరు. ఇప్పుడుండే ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి ఫారినర్స్ ఆఫీసు వాళ్ళు గుర్తుపట్టి నా ఫైలు అన్నిటికన్నా అడుగున పెడతారని భయం. అది పిచ్చి భయమని నాకూ తెలుసు. కానీ ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉన్న మనవాళ్ళనెవరినైనా అడగండి, ఆ భయం లేదని చెప్పేవాళ్ళు అబద్ధమాడుతున్నట్టే.

మావాళ్ళు ఎక్కడ కలిసినా అడిగే ప్రశ్నలకు ఒక వరస ఉంది. అన్‌మెల్డుంగ్ అయిపోయిందా, అంటే ఇంటి అడ్రసు మునిసిపాలిటీలో రాయించుకున్నావా అని. తర్వాత ఉద్యోగస్తులకిచ్చే బ్లూ కార్డ్ అయిపోయిందా, జర్మన్ పరీక్ష అయిపోయిందా. చివరికి, పీఆర్ అయిపోయిందా, అంటే ఇక్కడే ఉండిపోయే పర్మనెంట్ హక్కు వచ్చిందా అని. ఈ చివరిదానికి అయిపోయిందని చెప్పగలిగిన మనిషి ఆ రోజు కుర్చీలో కొంచెం వెనక్కి వాలి కూర్చుంటాడు. నాకు ఆ రోజు వచ్చినప్పుడు మొదట మా అక్కకు ఫోన్ చేశాను.

అక్క కరీంనగర్‌లో బస్సు కండక్టర్. అమ్మ పోయినప్పుడు నేను ఐదో తరగతి చదువుతున్నాను. అప్పటి నుంచి నాకు జడలు వేసింది, నన్ను బడికి తోలింది, తన్నాల్సి వచ్చినప్పుడు తన్నింది కూడా అక్కే. కాంట్రాక్టు మీద ఉద్యోగంలో చేరి, పర్మనెంట్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనిషి కాబట్టి, జర్మనీలో నాకు పర్మనెంట్ అయిందనగానే ఆమెకు ఇంకేమీ వివరించాల్సిన పని లేకపోయింది.

"ఇగ నిన్నెవ్వడు పీకలేడు" అంది.

మర్నాడు ఫస్ట్ ట్రిప్పులో డ్రైవర్‌కూ ముందు సీట్లవాళ్ళకూ దూద్‌పేడా పంచిందట. నేనూ అలాగే అనుకున్నాను. పర్మనెంట్ అంటే పర్మనెంటే గదా. కార్డును పర్సులో వెనక అరలో దోపాను, ఆ తర్వాత దాని మొహం సరిగ్గా చూసింది లేదు.

ఇది జరిగిన చాన్నాళ్ళకు అక్కకు గర్భసంచిలో గడ్డలని తేలింది. నెల వస్తే చాలు, రక్తం ఆగేది కాదు. పొద్దున డిపోలో బస్సెక్కితే మళ్ళీ దిగేది ఎప్పుడో, దారిలో ఆడవాళ్ళకు పోవడానికి చోటెక్కడుంటుంది. ఖాకీ చొక్కా కింద ముదురు రంగు చీరలే కట్టుకుని, కమ్మీ పట్టుకుని నిలబడే టికెట్లు కొట్టేది. గర్భసంచి తీసేయాలని డాక్టరమ్మ చెప్పింది. రక్తం మరీ తగ్గిపోయింది, ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుందని కూడా చెప్పింది. అక్క వినలేదు. మా అమ్మ పోయింది ఆపరేషన్ బల్ల మీదే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. అయినా ఆస్పత్రి పేరెత్తగానే అక్క వేరే మాటలోకి వెళ్ళిపోయేది. బావ నచ్చజెప్పి చూశాడు, డిగ్రీ చదివే కూతురు ఏడ్చి చూసింది. ఆఖరికి నేను ఫోన్లో అరిచినంత పని చేస్తే, ఒక షరతు పెట్టింది.

"నువ్వొచ్చి ఆ తలుపుకాడ కూసుంటనంటె చేయించుకుంట. లేకుంటె లే."

వస్తానన్నాను. పాస్‌పోర్టు ఈమధ్యే కొత్తది వచ్చింది, కార్డులో నంబరు మార్పించాలంటున్నారు, ఆ కార్డు పని ఒకటి చూసుకుని టికెట్ తీస్తానన్నాను. రేషన్ షాపు దాకా పోయి వస్తానన్నంత తేలిగ్గా అన్నాను.

ఆ సాయంత్రమే కార్డు బయటికి తీశాను. దాని గడువు ఎండాకాలంలోనే ముగిసింది. బయట చెట్ల ఆకులు అప్పటికి సగం రాలిపోయాయి. తర్వాత అర్థమైందేమిటంటే, కార్డు ఇచ్చినప్పుడు నా పాత పాస్‌పోర్టు ఎన్నాళ్ళు చెల్లుతుందో కార్డుకూ అన్నాళ్ళే గడువు వేశారు. పాస్‌పోర్టుకు గడువుంటుందని గుర్తుపెట్టుకుని మార్చుకున్నాను. పర్మనెంట్‌కు గడువుంటుందని మాత్రం నా బుర్రకు తట్టలేదు. మావారు కార్డును లైటు కింద పెట్టి ఇటూ అటూ తిప్పి చూశారు, వెనకవైపు ఇంకో తేదీ ఉంటుందేమోనన్న ఆశతో. నాలుగో తరగతి చదివే మా పాప హోంవర్కు మీంచి తలెత్తి, "మామా, ఇప్పుడు నువ్వు ఇల్లీగలా?" అని జర్మన్‌లో అడిగింది. ఇక్కడి పిల్లల్లాగే అది నన్ను మామా అంటుంది. మొదటిసారి ఫోన్లో ఆ పిలుపు విన్న అక్క, మీ ఇంటికి మేనమామ ఎవరొచ్చిండే అని అడిగింది. దానికి నవ్వుకున్న రోజులు గుర్తొచ్చాయి గానీ ఆ సాయంత్రం నవ్వు రాలేదు.

మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఫ్రెండ్స్, నా పీఆర్ కార్డు అయిపోయింది, ఇప్పుడేం చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి అని. రెండో ముక్క ఎవరూ చదవలేదు. కంగ్రాట్స్ అక్కా అని ఒకరు, పార్టీ ఎప్పుడని ఇంకొకరు, ఎన్ని నెలలు పట్టిందని మరొకరు. చప్పట్లు కొట్టే చేతులు, మైసూర్‌పాక్ బొమ్మలు. ఓపిక లేక ఊరుకున్నాను. చివరికి హైడెల్‌బర్గ్‌లో రీసెర్చ్ చేసే ఒకబ్బాయి, వచ్చిందా పోయిందా, సరిగ్గా రాయండి అన్నాడు. ఎక్స్‌పైర్ అయింది అని రాశాను. గ్రూపు ఒక్కసారిగా మూగబోయింది. అందరూ లేచి వాళ్ళ వాళ్ళ పర్సులు వెతుక్కుని ఉంటారు. క్లాస్తాల్‌లో ఉండే ఒకావిడ తన కార్డుకూ ఇంకో వారమే ఉందని కనిపెట్టి, దేవతలా చెప్పారు అని నాకు దండం పెట్టింది.

ఆ తర్వాత సలహాలు మొదలయ్యాయి. అన్నింటినీ వడగట్టగా మిగిలింది ఇది. దేశంలో ఉన్నంతవరకు నన్నెవరూ ఏమీ అనరు. దేశం దాటితే మాత్రం, తిరిగి వచ్చేటప్పుడు హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో కార్డు చూస్తారు, తేదీ చూస్తారు, విమానం ఎక్కనివ్వరు. అలా ఎక్కనివ్వక ఒకతను నెలల పాటు అక్కడే ఉండిపోయాడట. ఉద్యోగం పోయింది, పెళ్ళాం బిడ్డలు ఇక్కడ. ఎవరో ఆ కథ చెప్పి, చివర నమస్కారం బొమ్మ పెట్టారు.

మర్నాడు అక్కకు నిజం చెబుదామని ఫోన్ చేశాను. ఆమె బస్టాండులో ఉంది. వెనక నుంచి ఒకటే రొద, ఎవరో జగిత్యాల, జగిత్యాల అని అరుస్తున్నారు. నేను ఆలోచించకుండా, నోటికి వచ్చిన మాటే అనేశాను.

"అక్కా, నా కార్డు అయిపోయిందే."

అవతల జగిత్యాల అరుపు ఇంకో రెండుసార్లు వినపడింది.

"అయిపోయిందా? మంచిగైంది. అయితె డాక్టరమ్మకు డేట్ ఇయ్యమని చెప్త" అంది. బస్సు కదులుతోందని పెట్టేసింది.

గ్రూపులో ఒకసారి దెబ్బ తిని కూడా మళ్ళీ అదే మాట వాడాను చూడండి. తల గోడకు కొట్టుకుందామనిపించింది. మళ్ళీ చేస్తే అక్క ఎత్తలేదు. సాయంత్రం ఆమె కూతురికి చేశాను. అప్పటికే అక్క డిపోలో సెలవు పెట్టేసిందట, డాక్టరమ్మ దగ్గరికి తనే వెళ్ళి సరేనని చెప్పి వచ్చిందట. ముందు రక్తం ఎక్కించడానికి, తర్వాత ఆపరేషన్‌కు రోజులు కూడా రాసిచ్చారట. చెల్లె వస్తోందని వీధంతా చెబుతోందట. నేను జరిగింది చెప్పాను. 

"చిన్నమ్మా, నీకు దండం పెడ్త, అమ్మకు చెప్పకు" అంది. "ఇప్పుడు చెప్తే మల్ల ఒద్దంటది. ఈసారి ఒద్దంటె ఇగ బతకది."

అలా ఆ పని నా నెత్తిన పడింది. ఆపరేషన్ రోజులోపు కార్డు తెచ్చుకుని, అక్క తప్పుగా విన్న మాటను నిజం చేయాలి.

టెర్మిన్ దొరికిందా అన్నది ఇక్కడ మనవాళ్ళకు భోంచేశారా లాంటి పలకరింపు. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంట్. అది లేకపోతే ఫారినర్స్ ఆఫీసు గడప కూడా తొక్కనివ్వరు. వెబ్‌సైటు తెరిస్తే ఖాళీలు లేవు, తర్వాత ప్రయత్నించండి. పొద్దున లేవగానే చూడాలని ఒకరు, సరిగ్గా ఆఫీసు తెరిచే వేళకు చూడాలని ఒకరు. నేను పళ్ళు తోముకుంటూ చూశాను, ట్రామ్‌లో చూశాను, ఆఫీసులో మీటింగు నడుస్తుంటే బల్ల కింద చూశాను. ఈమెయిలు రాస్తే, మీ ఈమెయిలు అందింది, దయచేసి ఇంకో ఈమెయిలు రాయకండి, రాస్తే ఇంకా ఆలస్యమవుతుంది అని మిషను జవాబిచ్చింది. నేరుగా వెళ్తే గుమ్మంలో కాపలా మనిషి టెర్మిన్ అన్నాడు. లేదన్నాను. తలుపు మీద అంటించిన వెబ్‌సైటు అడ్రసు చూపించాడు. మా ఇంటి దారి చూపించినంత మర్యాదగా చూపించాడు, దాంతో కోప్పడటానికి కూడా వీల్లేకపోయింది.

ఇది పని చేసి వచ్చిన అలసటలాంటిది కాదు. పనికి ఒక చివరుంటుంది. ఇక్కడ పన్ను కట్టాను, బిడ్డను కన్నాను, వాళ్ళ భాషలో కలలు కూడా కన్నాను. అయినా కొన్నేళ్ళకొకసారి నేను నేనేనని చెప్పుకోవడానికి మళ్ళీ వరసలో మొదట్నుంచి నిలబడాలి.  వంట చేస్తూ చేస్తూ పొయ్యి ముందు ఊరికే నిలబడిపోయేదాన్ని, పోపు మాడిన వాసన వచ్చేదాకా తెలిసేది కాదు.

ఎన్నోసారికో హెల్ప్‌లైన్‌లో ఒక మనిషి గొంతు పలికింది. పెద్దావిడ, నెమ్మదస్తురాలు. నా కథంతా విని, కంగారుపడకండి, మీ హక్కు అయిపోలేదు, అది ఎప్పటికీ ఉంటుంది, గడువు ముగిసింది కార్డుకు మాత్రమే అంది. చిన్నప్పుడు మా వాడకట్టులో పురాణం చెప్పే పంతులుగారు, నశించేది దేహమే గానీ ఆత్మ కాదని ఇంత ప్రశాంతంగానే చెప్పేవాడు. అమ్మా, ఎయిర్‌పోర్టులో వాళ్ళు ఆత్మను చూడరు, దేహాన్నే అడుగుతారు అని చెప్పాలనిపించింది. జర్మన్‌లో కుదరలేదు. మరి ప్రయాణానికి ఏదైనా తాత్కాలిక కాగితం ఇస్తారా అని అడిగాను. హక్కు ముగిసేవాళ్ళకే ఆ కాగితం ఇస్తాం, మీ హక్కు ముగియలేదు కాబట్టి మీకు రాదు అంది. కార్డు చచ్చింది, కానీ నేను చావలేదు కాబట్టి చావు సర్టిఫికెట్టు ఇవ్వరన్నమాట.

అర్జెంటుగా టెర్మిన్ కావాలంటే కారణం అడిగింది. ఆపరేషన్ అన్నాను. ఎవరికి, తల్లికా, తండ్రికా, భర్తకా, బిడ్డకా అంది. అక్కకు అన్నాను. జర్మన్‌లో అక్కకూ చెల్లికీ ఒకటే మాట, ష్వెస్టర్. ఆస్పత్రిలో నర్సును కూడా నిన్నమొన్నటిదాకా అదే మాటతో పిలిచారు. నాకు జడలు వేసిన మనిషిని ఏమని చెప్పాలో ఏ భాషా కోర్సులోనూ నేర్పలేదు. నాకు తల్లిలాంటిది అన్నాను. లాంటిది అంటే తల్లి కాదు గదా అని ఆవిడ అనలేదు, పాపం. ఒక నిట్టూర్పు విడిచి, దొరికినంతలో ముందు తేదీ వెతుకుతానంది. కీబోర్డు చప్పుడు చాలాసేపు వినిపించింది. దొరికిన తేదీ సరిగ్గా ఆపరేషన్ రోజే. పైగా టెర్మిన్‌లో వేలిముద్రలూ ఫోటో మాత్రమే తీసుకుంటారు, కార్డు బెర్లిన్‌లో అచ్చయి రావడానికి మరికొన్ని వారాలు. అంటే అక్క పక్కన ఉండే దారి ఆ ఫోన్లోనే మూసుకుపోయింది.

అయినా హాల్లో సూట్‌కేసు తెరిచే ఉంచాను. అక్కకు కొన్న ఉన్ని మేజోళ్ళు, అక్క కూతురికి చాక్లెట్లు, నా రెండు చుడీదార్లు అందులో పడి ఉన్నాయి. ఈ కార్డుతోనే వెళ్ళిపోతాను, వచ్చేటప్పటి సంగతి వచ్చేటప్పుడే చూసుకుందాం అని పొద్దున అనేదాన్ని. మావారు వద్దనలేదు. వెళ్ళు, నీకు చిక్కొస్తే నేను పాపను చూసుకుంటాను అన్నారు, కానీ ఒక రాత్రి ఆయన గ్రూపులోని ఆ నెలల పాటు ఉండిపోయినతని కథను మళ్ళీ చదువుతుండటం చూశాను. పాప ఆ సూట్‌కేసు చుట్టూ తిరిగి నడిచేది, దాన్ని దాటేది కాదు. నాకు ధైర్యం చాలలేదు. ఒకవైపు అక్క, ఒకవైపు బిడ్డ ఉంటే ఏ మనిషికైనా ఎంత ధైర్యముంటుంది. టికెట్ తీయలేదు.

ఆ రోజుల్లో అక్క రోజూ ఫోన్ చేసేది. రక్తం ఎక్కించారని, ఆస్పత్రి ఇడ్లీ రాయిలా ఉందని, పక్క మంచం ఆవిడ గురక గురించి, అన్నీ చెప్పేది. ఏ రోజు బయల్దేరుతున్నావని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అడగకుండా ఉంటే చాలని నేను మొక్కుకునేదాన్ని, అందుకే ఎందుకు అడగడం లేదన్న అనుమానం నాకు రాలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున నేను ఆ ఆఫీసు హాల్లో నంబరు చీటీ పట్టుకుని కూర్చున్నాను. కరీంనగర్‌లో అప్పటికి మధ్యాహ్నం దాటుతోంది. అక్కను లోపలికి తీసుకెళ్ళి చాలాసేపయింది. చుట్టూ నాలాంటి మొహాలే, అన్ని దేశాలవీ. ఎవరూ మాట్లాడుకోవడం లేదు, అందరూ గోడ మీది బోర్డునే చూస్తున్నారు. ఫోన్ వాడరాదని బొమ్మ వేసి ఉంది. నా ఫోన్ ఒళ్ళో వణికింది. అక్క కూతురు. ఎత్తాను.

"చిన్నమ్మా" అంది. ఏడుస్తోంది. "అయిపోయింది."

ఆ మాట విన్నాక నేనేమయ్యానో సరిగ్గా చెప్పలేను. కళ్ళ ముందు బోర్డు మీద ఎర్ర అంకెలు కనిపిస్తున్నాయి గానీ చదవడం రావడం లేదు. అమ్మ పోయిన రోజు కూడా ఆస్పత్రి వరండాలో ఎవరో ఇలాగే అన్నారు, అయిపోయింది అని. నేనప్పుడు ఆపరేషన్ అయిపోయిందనుకుని, ఇంటికెళ్దామా అక్కా అని అడిగాను. అక్క జవాబు చెప్పకుండా నా తలను తన కడుపుకు అదుముకుంది. అదంతా ఒక్కసారిగా వచ్చి మీద పడింది. ఏం అయిపోయిందే, ఏం అయిపోయిందో సరిగ్గా చెప్పు అని ఆ నిశ్శబ్దపు హాల్లో తెలుగులో అరిచాను.

"ఆపరేషన్ చిన్నమ్మా. మంచిగనే అయింది. అమ్మ ఇంక మత్తులున్నది, డాక్టరమ్మ నవ్వుకుంట వచ్చి చెప్పింది. నాకు ఏడుపాగుతలేదు, గంతే."

నేను ఏడుపు ముగించుకుని తలెత్తేసరికి నా నంబరు వచ్చి పోయింది. పక్కన కూర్చున్న ఒక ముసలాయన, ఏ దేశమో తెలియదు, నా చీటీ తీసుకుని కౌంటర్ దాకా వెళ్ళి ఏదో చెప్పి, నన్ను రమ్మని చేయూపాడు. కౌంటర్ వెనక యువతి నా మొహం చూసి ఏమీ అడగలేదు. వేలిముద్రల మిషను నా వేళ్ళను రెండుసార్లు ఒప్పుకోలేదు. తడిగా ఉన్నాయి, తుడుచుకోండి అని పేపర్ రుమాలు ఇచ్చింది. మూడోసారికి ఒప్పుకుంది. ఫోటో కూడా అక్కడే తీసింది. కార్డు పోస్టులో వస్తుందని చెప్పి, తర్వాతి నంబరు నొక్కింది.

రెండు రోజుల తర్వాత అక్క మాట్లాడింది. గొంతు పీలగా ఉంది, కానీ అందులోనే దబాయింపు కూడా ఉంది. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక, రాలేకపోయానక్కా, నా కార్డు సంగతి నీకు చెప్పలేదు, అది అప్పుడు, అంటూ నీళ్ళు నమిలాను.

"నాకెర్కే" అంది.

"ఏమెరుక?"

"గా దినం బస్టాండుల నువ్వు అయిపోయిందన్నప్పుడే ఎర్కే. కార్డు చేతికచ్చినోళ్ళు గట్ల అంటరానే? ఇన్నేండ్ల సంది బస్సుల నిలబడ్డ. టికెట్ లేనోళ్ళ గొంతు నాకు తెల్వదా?"

మరి తెలిసీ నేను వస్తున్నానని ఊరంతా ఎందుకు చెప్పావు, నేను రాకపోయినా లోపలికి ఎలా పోయావు అని అడిగాను.  

"రావని నాకు తెల్సని చెప్తె, నేను మల్ల ఆపరేషన్ ఒద్దంటనని భయపడి నువ్వు ఆగుతవా? గా చెల్లని కార్డు పట్టుకొనే ఎక్కుతవు. నేను శాన మందిని నడి తొవ్వల దించిన చెల్లే. దిగి, బస్సు పోయినదాంక అట్లనే చూసుకుంట నిలబడ్తరు. సంకల పిల్ల ఉన్నోళ్ళను గూడ దించిన. నువ్వట్ల నిలబడొద్దనుకున్న. గందుకే లోపటికి పోయిన."

 భయపడలేదా అని అడిగాను. మస్తు భయమైంది, కండ్లు మూసుకొని నువ్వు తలుపుకాడనే ఉన్నవనుకున్న అంది.

కార్డు కొత్త సంవత్సరం వచ్చాక పోస్టులో వచ్చింది. అదే రంగు, పర్మనెంట్ అని చెప్పే అదే పొడుగాటి జర్మన్ మాట, ఫోటోలో ఏడ్చిన కళ్ళతో నేను. హాల్లో సూట్‌కేసు ఇంకా అక్కడే ఉంది, చాక్లెట్లు మాత్రం మా పాప తినేసింది. అక్కకు ఫోన్ చేశాను. ఏ మాట వాడాలో ముందే ఆలోచించుకున్నాను.

"కార్డు వచ్చిందక్కా. చేతులనే ఉంది."

"ఎన్నటిదాంక చెల్తది?" అని అడిగింది కండక్టరమ్మ.

తేదీ చదివి చెప్పాను. అక్క వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఊఁ, ఊఁ అంది.

"సరె తీ. అందాక నేను గూడ చెల్త గని" అంది, "నువ్వైతె జల్ది ఎక్కు."